చుట్టపుచూపుగా స్వీడన్ పల్లెకు: వీసా ఫారం నుంచి లింగాన్ పచ్చడి దాకా

మా చెల్లెలు స్వీడన్‌లో ఉంటుందనగానే అందరూ స్టాక్‌హోమ్ అనుకుంటారు. కాదు. దాలార్నా అనే ప్రాంతంలో లుద్వికా అని ఒక చిన్న ఊరు. ట్రాన్స్‌ఫార్మర్లు, హైవోల్టేజ్ డీసీ కరెంటు సామగ్రి తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ అక్కడుంది. ఆ పని మీద వెళ్లిన మన ఇంజనీర్లు ఆ ఊళ్లో బాగానే కనిపిస్తారు. మావాళ్లు నాలుగాకులు ఎక్కువ చదివారు కాబట్టి ఊళ్లో అపార్ట్‌మెంట్ వదిలేసి, ఇరవై కిలోమీటర్ల అవతల అడవి అంచున ఎర్ర రంగు చెక్క ఇల్లు కొనుక్కున్నారు. ఇంటి ముందు మట్టిరోడ్డు, రోడ్డు చివర సరస్సు, కనుచూపు మేరలో నాలుగే ఇళ్లు.

అమ్మా నేనూ ఆగస్టులో పది రోజులు వెళ్లొచ్చాం. బయల్దేరే ముందు నేను చదివిన సలహాలన్నీ యూరప్ టూర్లకు రాసినవే. ఏ మ్యూజియం చూడాలి, ఏ పాస్ కొనాలి అని. చుట్టపుచూపుగా పల్లెకు వెళ్లేవాళ్ల ఇబ్బందులు వేరు. బస్సు ఉండదు, కొట్టు ఉండదు, ఇంటివాళ్లకు సెలవు ఉండదు. అక్కడ ఏదైనా ముందే అనుకుని, మాట్లాడి పెట్టుకోవాలి. అలా పెట్టుకున్నాక రోజుల్ని మాత్రం కుక్కి నింపకూడదు. ఈ రెండూ తెలియక మేం కొన్ని చోట్ల బోల్తా పడ్డాం. మీరు పడకుండా వరసగా చెబుతాను.

1. తేదీలు: ముందు వాళ్లను అడగండి

విమానం టికెట్ చవగ్గా కనిపించిందని కొనేయకండి. జులైలో స్వీడన్ జనం వరసగా మూడు నాలుగు వారాలు సెలవు పెడతారు. మనవాళ్లు ఆ సెలవులే దాచుకుని ఇండియా వస్తారు. మీరు అక్కడికి వెళ్లేసరికి వాళ్లు ఇక్కడ ఉండే ప్రమాదం నిజంగానే ఉంది.

మిడ్‌సమ్మర్ పండగ చూడాలనుంటే జూన్ 19 నుంచి 25 లోపు వచ్చే శుక్రవారం చూసుకోండి. ఆకులు, పూలు చుట్టిన పొడవాటి స్తంభం నిలబెట్టి దాని చుట్టూ పాడుతూ ఆడతారు. దాలార్నాలో, అందులోనూ లేక్సాండ్ అనే ఊళ్లో, ఇది చాలా పెద్ద జాతర. అయితే ఆ రెండు మూడు రోజులు రైళ్లు కిటకిటలాడతాయి, చాలా కొట్లు మూసేస్తారు. రాత్రి పదకొండుకి కూడా ఆకాశం తెల్లగానే ఉంటుంది, తెల్లవారుజామున మూడున్నరకే ఎండ కిటికీలోంచి కొడుతుంది. నిద్ర తేలిక మనిషైతే కళ్లకు గంతలు తీసుకెళ్లాల్సిందే.

నన్నడిగితే ఆగస్టు రెండో సగం మంచిది. అడవిలో పళ్లుంటాయి, దోమలు తగ్గుముఖం పడతాయి, రాత్రి రాత్రిలా ఉంటుంది. సెప్టెంబర్‌లో చెట్ల రంగులు బాగుంటాయి కానీ ప్రాంతాన్ని బట్టి సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో మూస్ (దుప్పి జాతి పెద్ద జంతువు) వేట సీజన్ కూడా మొదలవుతుంది. అప్పుడు అడవిలోకి వెళ్తే కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగో, పసుపో వేసుకోవాలి. డిసెంబర్‌లో పగలు ఆరు గంటలైనా ఉండదు. మంచు చూడాలనే కోరిక గట్టిగా ఉంటే తప్ప, మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పను.

రోజుల లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. హైదరాబాద్‌లో ఇంటి గుమ్మం దాటింది మొదలు అక్కడి గుమ్మం తొక్కే దాకా దాదాపు ఒక రోజు పడుతుంది. రావడానికీ అంతే. కాబట్టి పది రోజుల సెలవులో చేతికొచ్చేవి ఎనిమిది. “ఎలాగూ యూరప్ దాకా వెళ్తున్నాం, పారిస్ కూడా కలిపేద్దాం” అని మా పెదనాన్న గారబ్బాయి సలహా ఇచ్చాడు. వినలేదు, మంచిదైంది.

2. వీసా

కావలసింది షెంగెన్ స్వల్పకాలిక వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఆ పదిహేను రోజుల మాట నమ్ముకుని కూర్చోకండి. ఎండాకాలంలో అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. రెండు నెలల ముందే కదలండి.

పనిలో సగం అక్కడున్నవాళ్లదే. స్వీడన్ మైగ్రేషన్ ఏజెన్సీ సైట్‌లో ఆహ్వానం ఫారం ఒకటి ఉంటుంది. దాన్ని మీ చుట్టం నింపి సంతకం చేసి పంపాలి. దాంతోపాటు వాళ్లు ఆ దేశంలో నమోదై ఉన్నట్టు చూపే పత్రం కావాలి. పేరు పర్సూన్‌బెవీస్. పన్నుల శాఖ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో నిమిషాల్లో వస్తుంది. మీ ఇద్దరి బంధుత్వానికి ఆధారం కూడా పెట్టండి. మా విషయంలో చెల్లెలి పాస్‌పోర్ట్‌లో తల్లిపేరు ఉండటం కలిసొచ్చింది.

మన వైపు నుంచి: ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్లు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఖర్చులకు రోజుకు మనిషికి 450 క్రోనర్ల చొప్పున చూపించాలన్నది స్వీడన్ లెక్క. ఉద్యోగం ఉంటే సెలవు మంజూరైన లెటర్ పెట్టండి. వీళ్లు తిరిగొస్తారా రారా అన్నదే అవతలివాళ్ల మొదటి అనుమానం, దానికి ఈ కాగితమే సగం జవాబు. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపువాళ్లకు లేదు. వీసా కేంద్రం సర్వీస్ చార్జీ దీనికి అదనం.

ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. ఇక నా నిర్వాకం. చెల్లెలు ఆహ్వానంలో పది రోజులని రాసింది, నేను టికెట్ పదకొండు రోజులకు బుక్ చేశాను. కౌంటర్ దగ్గర అది బయటపడి మళ్లీ ఫారం తెప్పించాల్సి వచ్చింది. ఆహ్వానం, టికెట్, బీమా, సెలవు లెటర్, ఈ నాలుగింటిలో తేదీలు ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూసుకోండి. వీసా స్టిక్కర్ వచ్చాక దాని మీద ఎన్ని రోజులు ఉండొచ్చని రాశారో కూడా చూడండి. చెల్లే తేదీల మధ్య వ్యవధి వేరు, ఉండనిచ్చే రోజులు వేరు.

3. పెట్టె సర్దడం

అమ్మ ముందుగా కట్టించింది కిలో నెయ్యి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల ఉత్పత్తులు తీసుకురాకూడదని నేను చెబితే, “నెయ్యి పాల ఉత్పత్తి ఏంటే, నెయ్యి నెయ్యే” అంది. ఒప్పించడానికి ఒక పూట పట్టింది. నెయ్యి, పాలకోవా, పనీర్, చికెన్ పచ్చడి, ఇవేవీ వద్దు.

పళ్లు, కూరలు, ఆకులు కూడా మన దేశం నుంచి తగిన ధ్రువపత్రం లేకుండా తీసుకెళ్లకూడదు. మామిడిపళ్లు కుదరవు, పచ్చి కరివేపాకు అసలే వద్దు. విచిత్రమేమంటే అరటి, కొబ్బరికాయ, అనాస, ఖర్జూరం, దురియన్, ఈ ఐదింటికి మినహాయింపు ఉంది. మేం రెండు కొబ్బరికాయలు దర్జాగా తీసుకెళ్లాం. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, ఎండబెట్టిన కరివేపాకు పొడి, జంతికలకు ఇబ్బంది లేదు. పచ్చడి మాత్రం సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి, చెకిన్ లగేజీలోనే వేయండి.

నెయ్యి సంగతి అక్కడే తేలిపోయింది. కొట్లో వెన్న కొని కాచుకోవడమే. కాకపోతే అక్కడ మామూలు వెన్నలో ఉప్పుంటుంది. కవరు మీద ‘ఊసాల్తాత్’ అని ఉన్నదే ఉప్పు లేని వెన్న. ఇది చూడకుండా కాస్తే ఉప్పు నెయ్యి వస్తుంది. ఎలా తెలుసని అడక్కండి.

బట్టల్లో ఆగస్టుకైనా ఒక స్వెటర్, వాన జాకెట్, అడవికి నిండు ప్యాంటు, పొడుగు సాక్సులు, మడమ కప్పే బూట్లు ఉండాలి. పగలు ఇరవై డిగ్రీలున్నా సాయంత్రానికి పదికి దిగుతుంది. చుట్టాలు కుక్కర్ తెమ్మంటే వాళ్ల పొయ్యి ఇండక్షనా కాదా అడిగి కొనండి. అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్లి అలమర మీద అలంకారంగా పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. రెండు గుండ్రటి పిన్నుల చార్జర్లు అక్కడి ప్లగ్గుల్లో పడతాయి, మూడు పిన్నులవాటికి అడాప్టర్ కావాలి. రోజూ వేసుకునే మందులు ప్రయాణానికి సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచీలో పెట్టుకోండి. పల్లెలో మందుల షాపు ఉండదు.

4. ఆర్లాండా నుంచి ఇంటి దాకా

మధ్యలో ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారితే పాస్‌పోర్ట్ చెకింగ్ అక్కడే అవుతుంది, దోహా లేదా దుబాయ్‌లో మారితే స్టాక్‌హోమ్ ఎయిర్‌పోర్ట్ ఆర్లాండాలో అవుతుంది. 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకుని కంప్యూటర్‌లో నమోదుచేసే కొత్త పద్ధతి మొదలైంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు దానికి కాస్త సమయం పడుతుంది. ఆహ్వానం ఫారం కాపీ, తిరుగు టికెట్, చుట్టం ఫోన్ నంబరు కాగితం మీద రాసి చేతిలో ఉంచుకోండి. ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకుంటే సరిగ్గా అప్పుడే చార్జింగ్ అయిపోతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. దాలార్నా వెళ్లడానికి స్టాక్‌హోమ్ నగరంలోకి పోనక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ కిందే ఆర్లాండా సెంట్రల్ అనే స్టేషన్ ఉంది. ఫాలున్ వైపు, మోరా వైపు వెళ్లే రైళ్లు స్టాక్‌హోమ్‌లో బయల్దేరి దీని మీదుగానే వస్తాయి. అదే ఎయిర్‌పోర్ట్‌లో ఆర్లాండా నార్త్, సౌత్ అని ఇంకో రెండు స్టేషన్లున్నాయి. అవి నగరానికి పోయే ఎక్స్‌ప్రెస్‌వి. పేర్లు చూసి తికమకపడి అందులో దిగితే చేతి చమురు వదులుతుంది. మేం ఆర్లాండా సెంట్రల్ నుంచి బోర్లెంగే దాకా దాదాపు రెండు గంటలు, అక్కడ మారి లుద్వికాకు ఇంకో ముప్పావు గంట ప్రయాణం చేశాం.

టికెట్లు ఎంత ముందు కొంటే అంత చవక. అయితే విమానం దిగే టైముకీ రైలుకీ మధ్య రెండున్నర గంటలైనా ఉంచండి. విమానం ఆలస్యమై రైలు తప్పితే చవక టికెట్‌కు డబ్బు వెనక్కి రాదు. ఎండాకాలంలో పట్టాల పనులు జరుగుతుంటాయి కాబట్టి రైలు బదులు బస్సు పెట్టడం మామూలే. బోర్డు మీద ‘బుస్’ అని కనిపిస్తే కంగారు పడకుండా స్టేషన్ బయటికి రండి.

స్టేషన్ నుంచి ఇంటికి? చుట్టాలు కారు తెస్తారు. తేలేకపోతే ఏమిటన్నది ముందే మాట్లాడుకోండి. పల్లె బస్సు పనిదినాల్లో రోజుకు రెండు మూడు సార్లు తిరుగుతుంది, శని ఆదివారాల్లో చాలా రూట్లలో అసలుండదు. కొన్నిచోట్ల ముందురోజు ఫోన్ చేసి చెబితేనే వచ్చే బండ్లున్నాయి. ఒక రోజు అమ్మా నేనూ సరదాగా ఊళ్లోకి వెళ్లాం, మరిది (చెల్లెలి భర్త) దింపి పనికి వెళ్లాడు. తిరిగి బస్సులో వస్తామని ధీమాగా చెప్పాను. బస్టాప్‌లో అంటించిన కాగితంలో ఆ టైమ్ ఎదురుగా చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. స్కూళ్లు నడిచే రోజుల్లో మాత్రమే అని దాని అర్థమట. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాం. మరిది వచ్చి ఏమీ అనకుండా కారు డోర్ తీశాడు. అనుంటే బాగుండేది.

కారు అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ చేయించుకోండి. అక్కడ కుడి పక్కన నడపాలి. 1967 సెప్టెంబర్ 3 వరకు వాళ్లూ మనలాగే ఎడమ పక్కే నడిపేవాళ్లు, ఒక్క రోజులో దేశమంతా మార్చేశారు. పగలు కూడా లైట్లు వెలగాలి. తెల్లవారుజామున, సంధ్యవేళ మూస్ రోడ్డు దాటుతుంది. గుర్రమంత ఎత్తు జంతువు, కాళ్లు పొడుగు. కారు గుద్దితే దాని బరువంతా అద్దం మీదకే వస్తుంది. మూస్ లాంటి పెద్ద అడవి జంతువును గుద్దితే 112కి ఫోన్ చేసి చెప్పడం చట్టప్రకారం తప్పనిసరి.

5. ఇంట్లో అడుగుపెట్టాక

చెప్పులు గుమ్మంలోనే వదలాలి. ఇది మనకు కొత్త కాదు, ఈ ఒక్క విషయంలో అమ్మకు స్వీడన్ వెంటనే నచ్చేసింది. స్నానాల గదిలో రబ్బరు పట్టీ ఉన్న కర్ర ఒకటి ఉంటుంది. స్నానం అయ్యాక నేల మీది నీళ్లు దాంతో తూములోకి లాగేసి రావాలి. చాలా పల్లె ఇళ్లకు నీళ్లు సొంత బావి నుంచి, మురుగు సొంత సెప్టిక్ ట్యాంకులోకి. టాయిలెట్‌లో పేపర్ తప్ప ఇంకేదీ వేయకూడదు, వంటనూనె సింకులో పోయకూడదు. కరెంటు పోతే పంపు ఆగుతుంది, కుళాయి కూడా ఆగుతుంది. చెత్త విషయంలో మీ తెలివి వాడకండి. ప్లాస్టిక్, కాగితం, గాజు, డబ్బాలు, తిండి మిగులు, దేని బుట్ట దానిదే. ఖాళీ డ్రింక్ సీసాలు నలపకుండా పక్కన పెట్టండి. కొట్లో మెషీన్‌లో వేస్తే డిపాజిట్ డబ్బు వెనక్కి వస్తుంది.

వంటింట్లో రెండు హెచ్చరికలు. మొదటిది పాలు. కాఫీకి పాలు పోద్దామని ఫ్రిజ్ తెరిచి, కనిపించిన డబ్బా తీసి వేడి కాఫీలో వంచాను. తెల్లటి ముద్దలు విడివిడిగా పైకి తేలాయి, పుల్లటి వాసన. అది ‘ఫీల్’ అట. పులిసిన పాలు, మన పల్చటి పెరుగు లాంటిది. అదే ఆకారం డబ్బాలో, పాల పక్కనే అమ్ముతారు. అమ్మ ఆ కప్పు వాసన చూసి, “ఇదేదో బాగుందే” అని ఆ రోజు నుంచి పెరుగన్నానికి అదే వాడింది. పాలలో ఎర్ర డబ్బాది మూడు శాతం వెన్న ఉన్నది. మన కాఫీకి అది నయం, ఆకుపచ్చది పల్చన.

రెండోది తాలింపు. మూడో రోజు సాంబారుకి ఎండుమిర్చి, ఆవాలు వేయించేసరికి సీలింగ్ మీది పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. అమ్మ గరిటె పట్టుకునే వరండాలోకి పరిగెత్తింది. తాలింపు వేసే ముందు చిమ్నీ పూర్తి స్పీడులో పెట్టి, కిటికీ తెరిచి, వంటగది తలుపు మూయండి. అలారం బ్యాటరీ పీకేయాలన్న ఆలోచన మాత్రం రానివ్వకండి. చుట్టూ చెక్కే, ఇల్లు మొత్తం చెక్కే.

శాకాహారులు కొట్లో కొన్ని చూసుకోవాలి. ఫాలుకొర్వ్ అనే ఉంగరం ఆకారపు సాసేజ్ ఆ ప్రాంతం ప్రత్యేకత, అది మాంసమే. రంగురంగుల మెత్తటి చాక్లెట్లలో చాలావాటిలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. దాలార్నాలో తయారయ్యే గట్టి రొట్టె క్నెక్కెబ్రోడ్ మాత్రం నిశ్చింతగా తినొచ్చు. దాని మీద వెన్న రాసి ఆవకాయ ఊట పూస్తే ఎలా ఉంటుందో నేను వర్ణించను, చేసుకుని చూడండి.

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇంటివాళ్లు ఆఫీసుకి వెళ్తారు. పనిమనిషి అనే మాటే లేదు. మీరు వెళ్లిన రోజుల్లో వంట మీరు చేసిపెడితే అంతకంటే పెద్ద బహుమతి లేదు. మా చెల్లెలు సాయంత్రం వచ్చి, గిన్నె మూత తీసి, బెండకాయ పులుసు చూసి కాసేపు అలాగే నిలబడింది. ఆ బెండకాయలు ఫ్రీజర్‌లోవి, ఊళ్లో ఆసియా కొట్లో దొరికాయి.

6. ఇరుగుపొరుగు, ఫీకా

పక్కింట్లో ఎనభై దాటిన ఒక ఆవిడ ఒక్కర్తే ఉంటారు. ఆదివారం మూడింటికి ఫీకాకి రమ్మన్నారు. ఫీకా అంటే కాఫీ, దాంతో ఏదో ఒక తీపి, కూర్చుని మాట్లాడుకోవడం. మూడింటికి అంటే మూడింటికే. పది నిమిషాలు ముందు వెళ్లినా వాళ్లకు ఇబ్బందే, అందుకే మేం రోడ్డు మీద అటూ ఇటూ నడిచి సమయం చూసుకుని తలుపు కొట్టాం. చేతిలో పూలో, చిన్న తినుబండారమో ఉంటే చాలు. అమ్మ జంతికలు తీసుకెళ్లింది.

ఆవిడ అమ్మను నేరుగా పేరుపెట్టి పిలిచారు. అమ్మ నా వైపు చూసింది. మా ఊళ్లో అమ్మను పేరుతో పిలిచే మనుషులు ఇప్పుడు ముగ్గురో నలుగురో మిగిలారు. స్వీడిష్‌లో మన ‘మీరు’ లాంటి మర్యాద రూపం ఒకప్పుడు ఉండేది. 1960ల చివర్లో దాన్ని దాదాపు వదిలేసి అందరికీ ‘దూ’ అనే ఒక్క మాటే వాడటం మొదలుపెట్టారు. డాక్టరైనా, మంత్రి అయినా, పక్కింటి పెద్దావిడైనా పేరే. ఇది ముందే చెప్పి తీసుకెళ్తే పెద్దవాళ్లు నొచ్చుకోరు.

కాఫీ వాళ్లు చిక్కటి డికాక్షన్‌లా, పాలు తక్కువగా తాగుతారు. పళ్లెంలో ఏడు రకాల బిస్కెట్లు పెట్టడం పాతకాలం మర్యాద. ఆవిడ నాలుగు రకాలు పెట్టి, మూడు తక్కువైనందుకు నవ్వారు. మాటల మధ్య మౌనం వస్తే దాన్ని పూడ్చాలని హడావుడి పడకండి, అక్కడ అది తప్పు కాదు. జీతమెంత, ఇల్లు ఎంతకు కొన్నారు, పిల్లలెందుకు వేరుగా ఉంటున్నారు, ఇలాంటివి అడగొద్దని అమ్మకు ముందే చెప్పాను. అడగలేదు. ఇంటికొచ్చాక నన్ను అడిగింది.

లేచేటప్పుడు ‘తాక్’ అంటే చాలు, ధన్యవాదాలని. తర్వాత ఎప్పుడు ఎదురుపడినా ‘తాక్ ఫోర్ సేనాస్ట్’ అనాలి, మొన్నటి ఆతిథ్యానికి కృతజ్ఞతలని. ఈ ఒక్క మాట నేర్చుకుంటే ఊరంతా మిమ్మల్ని మంచివాళ్లంటారు.

7. అడవి

పది రోజుల్లో నాకు బాగా గుర్తున్నది ఇదే. స్వీడన్‌లో అల్లేమాన్స్‌రెట్టెన్ అనే హక్కుంది. అడవి ఎవరిదైనా సరే, ఎవరైనా నడవొచ్చు, పళ్లు, పుట్టగొడుగులు ఏరుకోవచ్చు, సరస్సులో ఈదొచ్చు. 1994 నుంచి రాజ్యాంగంలోనూ దీని ప్రస్తావన ఉంది. షరతు ఒక్కటే: ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు, దేన్నీ పాడుచేయకూడదు. ఇంటి చుట్టుపక్కల ఆవరణ, పంట వేసిన పొలం ఈ హక్కులోకి రావు. ఆవరణలకు గోడలుండవు కాబట్టి ఎక్కడ మొదలవుతుందో తెలియదు. కిటికీలోంచి మనిషి కనిపించేంత దగ్గరకు వెళ్లారంటే ఆవరణలో ఉన్నట్టే. నిప్పు రాజేసే ముందు ఆ రోజు నిషేధం ఉందేమో చుట్టాలతో కనుక్కోండి. చేపలు పట్టాలంటే ఎక్కువ సరస్సులకు పర్మిట్ కొనాలి.

ఆగస్టులో మోకాలెత్తు కూడా లేని పొదల్లో నీలం బ్లోబేర్ పళ్లు. ఏరితే వేళ్లు, పెదాలు ఊదారంగు. నెలాఖరుకి ఎర్రటి లింగాన్ మొదలవుతుంది. ఒకటి నోట్లో వేసుకుని అమ్మ మొహం చిట్లించి, “వాక్కాయ!” అంది. నిజమే, అదే పులుపు, వెనకాల కాస్త చేదు. లింగాన్‌లో సహజంగానే బెంజాయిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి తొందరగా చెడదు, పూర్వం ఊరికే నీళ్లలో వేసి నిల్వ ఉంచేవారట. అమ్మకు ఆ మాట చాలు. గిన్నెడు పళ్లు కడిగి, బట్ట మీద ఆరబెట్టి, నూనెలో కొంచెం మగ్గించి, ఉప్పు, కారం, మెంతిపిండి కలిపి, ఇంగువ తాలింపు వేసింది. ఈసారి కిటికీ తెరిచే వేసింది.

పుట్టగొడుగులు మాత్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా ఏరకండి. పసుపు గొట్టం లాంటి కాంటరెల్ గుర్తుపట్టడం తేలికంటారు. అయినా ప్రతి బుట్టా చెల్లెలి పక్కింటావిడకు చూపించాకే వండుకున్నాం.

పురుగు సంగతి మర్చిపోవద్దు. ఫెస్టింగ్ అనే చిన్న పిడుదు గడ్డిలోంచి ఒంటి మీదకు ఎక్కి చర్మానికి పట్టుకుంటుంది. దాని వల్ల బొరేలియా అనే జబ్బు, కొన్ని ప్రాంతాల్లో మెదడువాపు రావచ్చు. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, నడుం దగ్గర వెతకండి. ఉంటే చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని మెల్లగా పైకి లాగాలి. నూనె పోయడం, కాల్చడం లాంటివి చేయొద్దు. తర్వాతి వారాల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ పోతే డాక్టర్‌కి చూపించాలి, ఇండియాకి వచ్చాక కనిపించినా సరే. అడవిలో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లండి.

8. తిరగాలనిపిస్తే

రెండంటే రెండు ప్రయాణాలు పెట్టుకోండి. ఒకటి ఫాలున్ రాగి గని. దాదాపు వెయ్యేళ్లు నడిచి 1992లో మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ స్థలమైంది. దేశమంతా పల్లె ఇళ్లకు కనిపించే ఆ ఎర్ర రంగు ఈ గని మట్టిలోంచి వచ్చిందే. చెల్లెలి ఇంటి గోడ కూడా అదే. పైన పెద్ద గొయ్యి ఉంది. 1687లో మిడ్‌సమ్మర్ రోజుల్లో గని కూలి అది ఏర్పడింది. పండగ సెలవు కావడంతో లోపల ఎవరూ లేరు, ఒక్క ప్రాణం కూడా పోలేదు. కింద ఎండాకాలంలోనూ ఐదారు డిగ్రీలే, మెట్లు చాలా. అమ్మ పైనే కూర్చుని కాఫీ తాగింది.

రెండోది సిల్యాన్ సరస్సు. దాని ఒడ్డున నుస్నేస్ అనే పల్లెలో చెక్క గుర్రాల కార్ఖానాలున్నాయి. ఎర్ర గుర్రం మీద చేత్తో పూలు వేయడం పక్కన నిలబడి చూడొచ్చు. ఒకే కుంచెకు రెండు రంగులు అద్ది ఒక్క విసురులో ఆకు వేస్తారు. మనం కొండపల్లి చూసినవాళ్లం కాబట్టి ఆ చెయ్యి ఎందుకు ఆగదో తెలుస్తుంది. ధర చూసి మాత్రం చిన్న గుర్రంతో సరిపెట్టుకున్నాం.

9. డబ్బు, డాక్టర్

నోట్లు చాలాచోట్ల తీసుకోరు. ట్యాప్ చేసే కార్డులు రెండు, వేర్వేరు బ్యాంకులవి తీసుకెళ్లండి. రోడ్డు పక్కన మనిషి లేకుండా పెట్టే బంగాళాదుంపల బల్లల దగ్గర, పాత సామాన్ల సంతల్లో ‘స్విష్’ అనే యాప్ అడుగుతారు. దానికి అక్కడి బ్యాంకు ఖాతా కావాలి, కాబట్టి చుట్టాల చేత కట్టించి లెక్క రాసుకోండి. గట్టి బీరు, వైన్ లాంటివి దాదాపుగా ప్రభుత్వ దుకాణంలోనే. శనివారం మధ్యాహ్నం మూడు దాటితే మూసేస్తారు, ఆదివారం ఉండదు. ప్రాణం మీదకొస్తే 112. సలహా కావాలంటే 1177, ముందు నర్సు మాట్లాడతారు.

10. తిరుగు ప్రయాణం

చివరి రోజు రైలు దిగి నేరుగా విమానం ఎక్కేలా పెట్టుకోకండి. పల్లె నుంచి రైలు ఒకటి రద్దయితే తర్వాతిది గంటల తర్వాతే. మా విమానం మధ్యాహ్నం కాబట్టి ముందురోజే బయల్దేరి స్టాక్‌హోమ్‌లో రాత్రి ఉండి, సాయంత్రం పాత ఊరి వీధుల్లో కాసేపు తిరిగాం. పది రోజుల్లో మేం చూసిన నగరం అంతే.

మా పక్కలు మేమే తీసి, దుప్పట్లు ఉతికి ఆరేసి, ఫ్రీజర్‌లో నాలుగు డబ్బాల పప్పు పెట్టి వచ్చాం. లింగాన్ పచ్చడి రెండు సీసాలైంది. ఒకటి పక్కింటావిడకిచ్చాం, రెండోది టేపు చుట్టి పెట్టెలో వేసుకున్నాం. నెల తర్వాత చెల్లెలు ఫోన్‌లో చెప్పింది: “అక్కా, ఆవిడ ఉడికించిన బంగాళాదుంపలతో తినేస్తున్నారు, సీసా ఖాళీ అట. మెంతిపిండి కొలత అడుగుతున్నారు, అమ్మకి ఫోన్ ఇవ్వు.”